లైనక్స్ ల్యాప్‌టాప్‌లో హైబర్నేట్ కుదరడానికి పట్టిన పదహారు రోజులు: నా అనుభవం

మార్చి 6 రాత్రి పదకొండింటికి మూత వేసేటప్పుడు ఛార్జ్ 84 శాతం. 7వ తేదీ శనివారం ఉదయం ఏడింటికి మూత తీస్తే 57. ఏ పనీ చేయని ఎనిమిది గంటల్లో 27 శాతం పోయింది. ఏ రకాల నిద్ర కుదురుతుందో చెప్పే /సిస్/పవర్/మెమ్_స్లీప్ ఫైల్ తెరిచి చూస్తే ఎస్2ఐడిల్ (తేలిక నిద్ర) ఒక్కటే ఉంది, డీప్ అన్న మాటే లేదు. అంటే ఈ యంత్రంలో ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆగిపోయే పాత తరహా ఎస్3 నిద్ర లేదు. మూత వేసినా ప్రాసెసర్ కునుకు తీస్తుందే గానీ పూర్తిగా ఆగదు. ఇలాంటి ల్యాప్‌టాప్‌లో తెరిచిన పని పోకుండా, ఛార్జ్ తగ్గకుండా ఉండాలంటే హైబర్నేట్ ఒక్కటే దారి. ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్‌లో రాసేసి కరెంటు మొత్తంగా ఆపేయడం అన్నమాట.

నా దగ్గర ఉన్నది డెబియన్ 13 అనే లైనక్స్, దాని కేంద్ర భాగమైన కెర్నెల్ 6.12, సేవలను నడిపించే సిస్టమ్‌డీ 257. ర్యామ్ 16 జీబీ, ఎన్‌వీఎంఈ డిస్క్ 512 జీబీ. డిస్క్ మొత్తం లక్స్‌తో (డిస్క్‌కు తాళం వేసే పద్ధతి) ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, దాని లోపల ఎల్‌వీఎం (డిస్క్‌ను విభాగాలుగా పంచేది), అందులో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌తో రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన విభాగం), 1 జీబీ స్వాప్ (ర్యామ్‌లో పట్టనిది పెట్టే డిస్క్ చోటు). సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. ఈ వివరాలు ముందే ఎందుకు చెబుతున్నానంటే వీటిలో ప్రతి ఒక్కటీ తర్వాత ఏదో ఒక చోట అడ్డం వచ్చింది.

7వ తేదీ, శనివారం

ముందు సెక్యూర్ బూట్. /సిస్/పవర్/స్టేట్‌లో ఫ్రీజ్, మెమ్ అని రెండే మాటలున్నాయి. మూడోది, డిస్క్ అన్నది, ఉండాలి. /సిస్/పవర్/డిస్క్‌లో చూస్తే చదరపు బ్రాకెట్ల మధ్య డిసేబుల్డ్ అని ఉంది. కారణం లాక్‌డౌన్, అంటే నడుస్తున్న కెర్నెల్‌ను ఎవరూ మార్చకుండా కొన్ని పనులను అడ్డుకునే ఏర్పాటు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డెబియన్ కెర్నెల్ తనంతట తానే లాక్‌డౌన్‌ను ఇంటెగ్రిటీ స్థాయిలో పెట్టుకుంటుంది, ఆ స్థాయిలో హైబర్నేట్‌కు అనుమతి లేదు. డిస్క్‌లో రాసిన ఇమేజ్‌ను (ర్యామ్ నకలును) మధ్యలో ఎవరైనా మార్చారా లేదా అని తేల్చుకునే మార్గం కెర్నెల్‌కు లేదు కాబట్టి ఈ కట్టడి. కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో లాక్‌డౌన్ అన్న మాట వెతికితే ఇదే విషయం స్పష్టంగా రాసి ఉంటుంది.

ఇక్కడ కాసేపు ఆగిపోయాను. సెక్యూర్ బూట్ తీసేయడానికి మనసొప్పలేదు. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, స్వాప్ కూడా ఆ తాళం లోపలే ఉంటుంది, పాస్‌వర్డ్ లేకుండా ఇమేజ్‌ను ఎవరూ చదవలేరు. బూట్ విభాగంలోని ఫైళ్లను ఎవరైనా మార్చే ప్రమాదం మాత్రం మిగిలే ఉంటుంది. ఆ ప్రమాదం నాకు సమ్మతమే అనుకుని ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే ఉండే తొలి సాఫ్ట్‌వేర్) సెట్టింగ్‌లలోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేశాను. ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్ అయితే ఈ పని చేయమని ఎవరికీ చెప్పను. రీబూట్ అయ్యాక స్టేట్ ఫైల్‌లో డిస్క్ అన్న మాట కనిపించింది.

తర్వాత స్వాప్. సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్ అని కొట్టగానే, తగినంత స్వాప్ లేదని సిస్టమ్‌డీ అక్కడికక్కడే తిప్పి పంపింది. ఎంత పెట్టాలన్న దాని మీద రకరకాల లెక్కలు చెబుతుంటారు. నాకు సరిగ్గా తోచిన లెక్క ఇది. కెర్నెల్ ముందు ఖాళీ ర్యామ్‌లోకి ఒక నకలు తీసుకుని, దాన్ని కుదిస్తూ డిస్క్‌కు రాస్తుంది. నకలుకు చోటు కావాలి గనక ఇమేజ్ ర్యామ్‌లో సగానికి మించదు. /సిస్/పవర్/ఇమేజ్_సైజ్‌లో మామూలుగా ఉండే లక్ష్యం ర్యామ్‌లో ఐదింట రెండు వంతులు, 16 జీబీకి దాదాపు 6.4 జీబీ. కానీ ర్యామ్ నిండుగా ఉన్నప్పుడు, ఆ లక్ష్యానికి దిగడానికి మిగతా పేజీలను ముందుగా స్వాప్‌లోకే తోయాలి. వాటికీ చోటు కావాలి, ఇమేజ్‌కూ చోటు కావాలి. అందుకే ర్యామ్ అంత, పైన ఇంకో 4 జీబీ, మొత్తం 20 జీబీ అనుకున్నాను.

ఎల్‌వీఎం విభాగాలను కదిలించే ధైర్యం లేక స్వాప్ ఫైల్ పెట్టాను. డీడీతో 1 ఎంబీ బ్లాకులు 20480 సున్నాలతో నింపి, సీహెచ్‌మోడ్ 600 చేసి, ఎంకేస్వాప్, స్వాప్‌ఆన్ కొట్టి, బూట్‌లో ఏవేవి జోడించాలో ఉండే ఎఫ్‌స్టాబ్‌లో కొత్త లైను రాసి, పాత 1 జీబీ స్వాప్ లైను తీసేశాను. రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. జీరామ్ వాడుతున్నవారు ఒకటి గమనించాలి: అది ర్యామ్‌లోనే ఉండే స్వాప్, కరెంటు పోతే అదీ పోతుంది, హైబర్నేట్‌కు అక్కరకు రాదు. దాన్ని ఉంచుకోవచ్చు గానీ పక్కన డిస్క్ మీద అసలు స్వాప్ ఉండి తీరాలి. అలాగే బూట్ అయిన ప్రతిసారీ కొత్త తాళంచెవితో తయారయ్యే ఎన్‌క్రిప్టెడ్ స్వాప్ కూడా పనికిరాదు. మళ్లీ లేచేసరికి పాత తాళంచెవి ఉండదు.

ఈసారి సందేశం మారింది: చెప్పిన రెజ్యూమ్ డివైస్ (లేచేటప్పుడు ఇమేజ్ చదవాల్సిన చోటు) కనబడటం లేదు, లేదా అది వాడుకలో ఉన్న స్వాప్ కాదు. దీని మూలం /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్ అనే చిన్న ఫైల్. ఇన్‌స్టాల్ సమయంలోనే అందులో పాత 1 జీబీ స్వాప్ పేరు రాసి ఉంటుంది. నేను స్వాప్ మార్చాను, ఈ ఫైల్ సంగతి గుర్తులేదు. బూట్ అయ్యేటప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ తొలి దశలో నడిచే చిన్న సిస్టమ్) అదే పాత పేరును కెర్నెల్‌కు అందిస్తోంది.

స్వాప్ ఫైల్‌కు రెండు సంగతులు చెప్పాలి: ఏ ఫైల్‌సిస్టమ్‌లో ఉంది, అందులో ఎన్నో బ్లాకు దగ్గర మొదలవుతుంది. కెర్నెల్‌కు బూట్ సమయంలో ఇచ్చే కమాండ్‌లైన్‌లో మొదటిది రెజ్యూమ్=, రెండోది రెజ్యూమ్_ఆఫ్‌సెట్=. ఇక్కడే ఆ రోజు సాయంత్రమంతా పోయింది.

ఎంకేస్వాప్ కొట్టినప్పుడు అది తెర మీద ఒక యూయూఐడీ (విశిష్ట గుర్తింపు సంఖ్య) చూపిస్తుంది. దాన్నే తీసుకుని రెజ్యూమ్= పక్కన పెట్టాను. ఎవరైనా అదే చేస్తారు, ఎందుకంటే కళ్ల ముందు కనిపించేది అదే. రీబూట్ చేస్తే డిస్క్ పాస్‌వర్డ్ ఇచ్చాక తెర అలాగే నిలిచిపోయింది. అర నిమిషం తర్వాత, సస్పెండ్ లేదా రెజ్యూమ్ డివైస్ కోసం ఎదురుచూసి వదిలేశానని ఒక లైను వచ్చి, బూట్ ముందుకు సాగింది. ఆ అర నిమిషం చాలా భయం వేసింది, సిస్టమ్ మొత్తం చెడగొట్టేశానేమో అని. ఏమీ కాలేదు. ఆ యూయూఐడీ స్వాప్ ఫైల్ లోపల ఉండేది, డివైస్ కోసం వెతికే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కు అది ఎక్కడా కనబడదు. ఇవ్వాల్సింది ఆ ఫైల్ ఏ ఫైల్‌సిస్టమ్‌లో ఉందో దాని యూయూఐడీ. ఫైండ్‌మౌంట్‌కు -ఎన్‌ఓ యూయూఐడీ -టీ అని ఇచ్చి స్వాప్ ఫైల్ దారి రాస్తే సరైనది వస్తుంది.

ఆఫ్‌సెట్ కోసం ఫైల్‌ఫ్రాగ్‌ను -వీ తో నడపాలి. వచ్చే పట్టికలో సున్నా నంబరు వరుసలో, ఫిజికల్ ఆఫ్‌సెట్ అన్న నిలువు వరుసలో, రెండు చుక్కల ముందున్న అంకె కావాలి. దాని ఎడమ పక్కన లాజికల్ ఆఫ్‌సెట్ కూడా అలాగే కనిపిస్తుంది, అది ఎప్పుడూ సున్నాతోనే మొదలవుతుంది కాబట్టి తేడా తెలుస్తుంది. ఈ అంకె తప్పితే ప్రాణాపాయమేమీ లేదు, రెజ్యూమ్ డివైస్ సరిపోలేదంటూ సిస్టమ్‌డీ నిద్రకే ఒప్పుకోదు. స్వాప్ ఫైల్‌ను చెరిపి మళ్లీ తయారు చేస్తే మాత్రం ఈ అంకె మారిపోతుంది, మళ్లీ చూసుకోవాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ వాడేవారికి ఫైల్‌ఫ్రాగ్ ఇచ్చే అంకె పనికిరాదు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ మ్యాప్-స్వాప్‌ఫైల్‌కు -ఆర్ జోడిస్తే వచ్చే అంకె వాడాలి. అందులో స్వాప్ ఫైల్‌ను స్నాప్‌షాట్‌లు తీయని విడి సబ్‌వాల్యూమ్‌లో పెట్టుకోవాలి.

ఈ రెండింటినీ, బూట్ లోడర్ గ్రబ్ సెట్టింగ్‌లుండే /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్‌లోని కమాండ్‌లైన్ వరుసలో చేర్చి, కాన్ఫ్.డీ ఫైల్‌లోని పాత పేరును కూడా మార్చి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్, ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్ కొట్టాను. రీబూట్ అయ్యాక /ప్రాక్/సీఎండీలైన్ తెరిచి రెండూ నిజంగా వచ్చాయో లేదో చూడటం మర్చిపోవద్దు. అప్‌డేట్-గ్రబ్ మర్చిపోతే ఆ రెండూ కెర్నెల్‌కు చేరవు, హైబర్నేట్ సరిగ్గా పనిచేయదు. యూఈఎఫ్ఐ (కొత్త తరహా ఫర్మ్‌వేర్) ఉన్న యంత్రాల్లో కొత్త సిస్టమ్‌డీ ఇమేజ్ చోటును ఫర్మ్‌వేర్‌లో రాసిపెడుతుంది, అందుకే కొందరికి ఈ కమాండ్‌లైన్ తతంగమే అక్కర్లేదు. అది పనిచేయాలంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోపల కూడా సిస్టమ్‌డీ ఉండాలి. డెబియన్ మామూలుగా ఇచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్‌లో అది లేదు.

8వ తేదీ, ఆదివారం

నేరుగా కరెంటు ఆపే ముందు ఉత్తుత్తి పరీక్షలు చేయడం ఎంతో మేలని ఆ రోజు తెలిసింది. /సిస్/పవర్/పీఎం_టెస్ట్ ఫైల్‌లో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని అయిదు మెట్లున్నాయి. ఒక మెట్టు పేరు రాసి, స్టేట్ ఫైల్‌లో డిస్క్ అని రాస్తే కెర్నెల్ అంతవరకే వెళ్లి, అయిదు సెకన్లు ఆగి, వెనక్కి వచ్చేస్తుంది. ఏ మెట్టు దగ్గర తేడా వస్తే జబ్బు అక్కడుంది.

ఒక చిన్న విషయం, అరగంట తినేసింది: సుడో ఎకో అని రాసి బాణం గుర్తుతో ఆ ఫైల్‌లోకి మళ్లిస్తే అనుమతి లేదంటుంది. సుడో ఇచ్చే అడ్మిన్ అధికారం ఎకోకే వర్తిస్తుంది, బాణం పని మామూలు యూజర్ షెల్ చేస్తుంది. ఎకోను పైపు ద్వారా సుడో టీ కి పంపాలి. ఇంకొకటి, పరీక్షలయ్యాక పీఎం_టెస్ట్‌లో తిరిగి నన్ అని రాయాలి. లేకపోతే అసలు హైబర్నేట్ కూడా అయిదు సెకన్లలో వెనక్కి వచ్చేస్తుంది, ఎందుకో తెలియక తల పట్టుకుంటాం.

ఫ్రీజర్ బాగానే పోయింది. డివైసెస్ మెట్టు నుంచి వెనక్కి వచ్చాక వైఫై చచ్చిపోయింది, నెట్‌వర్క్‌ల జాబితా ఖాళీ. యంత్రాన్ని ఆపకుండానే లోపం ఎక్కడుందో దొరికిపోయింది. మిగతా మెట్లన్నీ శుభ్రంగా గడిచాయి. చివరగా /సిస్/పవర్/డిస్క్‌లో టెస్ట్_రెజ్యూమ్ అని రాసి మళ్లీ ప్రయత్నించాను. ఇది ఇమేజ్‌ను నిజంగానే స్వాప్‌కు రాసి, కరెంటు ఆపకుండా, తిరిగి చదివి లేపుతుంది. స్వాప్, ఆఫ్‌సెట్ రెండూ సరిగ్గా ఉన్నాయని దీంతో నమ్మకం కుదిరింది.

వైఫైకి మందు: ఎల్ఎస్‌పీసీఐ -కే లో ఆ కార్డుకు వాడుకలో ఉన్న డ్రైవర్ పేరు చూసి, /యూఎస్ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-స్లీప్ ఫోల్డర్‌లో ఒక షెల్ స్క్రిప్ట్ పెట్టాను. సిస్టమ్‌డీ దానికి మొదటి పదంగా నిద్రకు ముందు ప్రీ అని, లేచాక పోస్ట్ అని, రెండో పదంగా ఏ రకం నిద్రో ఇస్తుంది. ప్రీ అయితే మోడ్‌ప్రోబ్ -ఆర్ తో మాడ్యూల్‌ను (ఆ డ్రైవర్‌ను) తీసేయడం, పోస్ట్ అయితే తిరిగి ఎక్కించడం, అంతే. స్క్రిప్ట్‌కు ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వకపోతే సిస్టమ్‌డీ దాన్ని పట్టించుకోదు. స్టేట్ ఫైల్‌లో నేరుగా రాసి నిద్రపుచ్చితే ఈ స్క్రిప్ట్‌లు నడవవు, కాబట్టి దీన్ని పరీక్షించాలంటే సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్ ద్వారానే వెళ్లాలి.

సాయంత్రం ఆరింటికి మొదటి అసలు హైబర్నేట్. పన్నెండు టాబ్‌లున్న బ్రౌజర్, ఎడిటర్‌లో సేవ్ చేయని ఒక ఖాళీ ఫైల్, రెండు టెర్మినల్‌లు తెరిచి ఉంచాను. తెర నల్లబడింది. పదిహేను సెకన్లు, ముప్పై సెకన్లు, రెండు నిమిషాలు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, పవర్ దీపం వెలుగుతూనే ఉంది. అయిదు నిమిషాలు చూసి పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపేశాను. అంతా పోయిందనుకుంటూనే ఆన్ చేసి పాస్‌వర్డ్ ఇచ్చాను. ఇమేజ్ లోడవుతున్న శాతాలు ఒక్కొక్కటే వరుసగా వచ్చాయి, ఆ వెంటనే వదిలిన చోటే వదిలినట్టు అన్నీ కళ్ల ముందున్నాయి. సేవ్ చేయని ఫైల్‌లో కర్సర్ కూడా అక్కడే మెరుస్తోంది. ఆ క్షణంలో కలిగిన ఆనందం మామూలుది కాదు.

అంటే ఇమేజ్ రాయడం పూర్తయింది, ఆగిపోయింది ఆఖరి అడుగు మాత్రమే. మామూలుగా కెర్నెల్ ప్లాట్‌ఫామ్ పద్ధతిలో ఏసీపీఐకి (కరెంటు నియంత్రణ కోసం ఫర్మ్‌వేర్‌తో మాట్లాడే పద్ధతి) చెప్పి ఎస్4 (హైబర్నేట్) స్థితిలోకి వెళ్లమంటుంది. ఈ యంత్రం ఫర్మ్‌వేర్ ఆ మాట వినడం లేదు. /ఈటీసీ/సిస్టమ్‌డీ/స్లీప్.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో .కాన్ఫ్‌తో ముగిసే పేరుతో ఒక ఫైల్ పెట్టి, అందులో స్లీప్ విభాగం కింద హైబర్నేట్‌మోడ్=షట్‌డౌన్ అని రాశాను. అప్పుడు ఇమేజ్ రాశాక మామూలు షట్‌డౌన్ లాగే ఆగుతుంది. ఆ రాత్రి నుంచి ఈ సమస్య మళ్లీ రాలేదు. ఇలా మీ యంత్రం కూడా నల్ల తెరతో నిలిచిపోతే తొందరపడి ఆపకండి. డిస్క్ దీపం ఉంటే అది ఆగేదాకా, లేకపోతే కనీసం అయిదు నిమిషాలు ఆగండి. రాయడం మధ్యలో ఆపితే ఇమేజ్ పోతుంది.

9 నుంచి 13 వరకు

రోజుకు రెండుసార్లు వాడాను. ఏడెనిమిది జీబీ వాడుకలో ఉన్నప్పుడు రాయడానికి పన్నెండు నుంచి పదిహేను సెకన్లు. లేచేటప్పుడు ఫర్మ్‌వేర్, గ్రబ్, పాస్‌వర్డ్, లోడ్ అన్నీ కలిపి ముప్పై అయిదు సెకన్ల లోపు. ఇమేజ్_సైజ్‌లో సున్నా రాస్తే కెర్నెల్ ఇమేజ్‌ను వీలైనంత చిన్నది చేస్తుంది, రాయడం త్వరగా అవుతుంది. ఒక రోజు పెట్టి చూశాను. లేచాక బ్రౌజర్ ప్రతి టాబ్‌కూ డిస్క్‌ను తడుముకుంటూ నిమిషం పైగా మందకొడిగా ఉంది. తీసేశాను. కెర్నెల్ 6.9 నుంచి కుదింపుకు ఎల్‌జెడ్‌ఓ బదులు ఎల్‌జెడ్4 ఎంచుకునే వీలు కూడా ఉంది. లేచేటప్పుడు ఆ కుదింపు మాడ్యూల్ అందుబాటులో లేకపోతే ఇమేజ్ విప్పడం కుదరదు, పది సెకన్ల కోసం ఆ సాహసం నాకు అక్కర్లేదనిపించింది.

ఎస్ఎస్‌డీ అరిగిపోతుందేమో అన్న దిగులు నాకూ ఉండేది. కుదించాక ఒక్కోసారి దాదాపు 3 జీబీ రాస్తోంది. రోజుకు రెండుసార్లంటే 6 జీబీ, ఏడాదికి 2.2 టీబీ. ఈ కాలపు ఎస్ఎస్‌డీల రాత హామీ వందల టీబీల్లో ఉంటుంది. దిగులు పోయింది.

14వ తేదీ, శనివారం

సంచిలోంచి తీస్తే ల్యాప్‌టాప్ కాలిపోతోంది. హైబర్నేట్ కొట్టి, మూత వేసి సంచిలో పెట్టేశాను, అది ఆగిందో లేదో చూడలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. జర్నల్‌సీటీఎల్ -బీ -కే చూస్తే కారణం ఒకే లైనులో ఉంది: యూజర్ ప్రాసెస్‌లను స్తంభింపజేయడం 20 సెకన్ల తర్వాత విఫలమైంది, ఒక టాస్క్ ఒప్పుకోలేదు. ఆ టాస్క్ ఎస్ఎస్‌హెచ్‌ఎఫ్ఎస్‌తో జోడించిన దూరపు ఫోల్డర్‌ను చదువుతున్న ఫైల్ మేనేజర్. నా స్క్రిప్ట్ ముందే వైఫై మాడ్యూల్ తీసేసింది, దూరపు సర్వర్ నుంచి జవాబు రాదు, జవాబు కోసం కెర్నెల్‌లో ఎదురుచూస్తున్న ప్రాసెస్ స్తంభించదు. 20 సెకన్ల గడువు దాటగానే కెర్నెల్ హైబర్నేట్ రద్దు చేసి యంత్రాన్ని మెలకువలోకి తెచ్చేసింది.

స్క్రిప్ట్‌లోని ప్రీ భాగంలో, మాడ్యూల్ తీసే లైనుకు ముందు, ఆ ఫోల్డర్‌ను ఫ్యూజర్‌మౌంట్3 -యూజెడ్ తో విడదీసే లైను చేర్చాను. క్రమం ముఖ్యం: ముందు ఫోల్డర్, తర్వాత వైఫై. ఇప్పుడు పవర్ దీపం ఆరిందని చూసుకున్నాకే సంచిలో పెడుతున్నాను.

15, 16 తేదీలు

రోజూ కమాండ్ కొట్టే పని తప్పించడానికి సస్పెండ్-దెన్-హైబర్నేట్ పెట్టాను. మూత వేస్తే ముందు మామూలు నిద్ర, కొంతసేపు తర్వాత తనంతట తానే లేచి డిస్క్‌కు రాసి ఆగిపోవడం. స్లీప్.కాన్ఫ్.డీలోని నా ఫైల్‌లోనే హైబర్నేట్‌డిలేసెక్=60మిన్ అని, /ఈటీసీ/సిస్టమ్‌డీ/లాగిన్‌డీ.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో ఇంకో ఫైల్ పెట్టి అందులో లాగిన్ విభాగం కింద హ్యాండిల్‌లిడ్‌స్విచ్=సస్పెండ్-దెన్-హైబర్నేట్ అని రాశాను. గడువు రాయకపోతే సిస్టమ్‌డీ బ్యాటరీ తగ్గే వేగాన్ని అంచనా వేసి తనే సమయం ఎంచుకుంటుంది. నాకు గంట అన్న కచ్చితమైన లెక్కే నచ్చింది. లాగిన్‌డీని (లాగిన్ సెషన్‌లను చూసుకునే సేవను) మధ్యలో రీస్టార్ట్ చేస్తే తెరిచిన సెషన్‌కు ఎసరు రావచ్చు, పని మూసుకుని రీబూట్ చేయడమే క్షేమం.

స్క్రిప్ట్‌కు వచ్చే రెండో పదం ఇప్పుడు హైబర్నేట్ కాదు, సస్పెండ్-దెన్-హైబర్నేట్. నా స్క్రిప్ట్ హైబర్నేట్ అన్న పదానికే స్పందించేలా రాశాను కాబట్టి 16న వైఫై మళ్లీ మాయమైంది. షరతు తీసేసి ప్రతి రకం నిద్రకూ నడిచేలా చేశాను.

22వ తేదీ వరకు

అప్పటి నుంచి ఈ ఆదివారం దాకా ఒక్క వైఫల్యం లేదు. మొత్తం ముప్పై ఒక్కసారి హైబర్నేట్ అయితే తప్పింది ఆ 14వ తేదీది ఒక్కటే. రాత్రి 84 దగ్గర మూత వేస్తే పొద్దున 80, ఆ నాలుగూ మొదటి గంట మామూలు నిద్రలో పోయినవి.

జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హైబర్నేట్‌లో ఉన్న యంత్రాన్ని లైవ్ యూఎస్‌బీతో లేపి, దాని రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయకండి. రీడ్-ఓన్లీగా కూడా వద్దు, ఎందుకంటే ఈఎక్స్‌టీ4 అలా మౌంట్ చేసినా జర్నల్‌ను (పూర్తికాని రాతల చిట్టాను) నడిపి డిస్క్ మీద మార్పులు చేస్తుంది. ఆ తర్వాత పాత ఇమేజ్ లేస్తే దాని జ్ఞాపకంలో ఉన్న ఫైల్‌సిస్టమ్ ఒకటి, డిస్క్ మీద ఉన్నది ఇంకొకటి, రాతలు కలగాపులగమై డేటా పాడవుతుంది. అదే డిస్క్ విభాగాన్ని ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తెరిచినా ఇదే ప్రమాదం. లైవ్ యూఎస్‌బీతో తప్పనిసరి పని పడితే ముందు మామూలుగా లేపి, పని సేవ్ చేసుకుని, పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. ఇమేజ్ లేవకుండా మొరాయిస్తే గ్రబ్‌లో ఆ ఎంట్రీ మీద ‘ఈ’ నొక్కి, లైనక్స్ వరుస చివర నోరెజ్యూమ్ చేర్చి బూట్ చేయాలి. తెరిచిన పని పోతుంది, డిస్క్ క్షేమం. స్వాప్‌ఆన్ నడిచినప్పుడు పాత నిద్ర గుర్తును చూసి, దాన్ని మామూలు స్వాప్ గుర్తుగా తనే తిరిగి రాస్తుంది, కాబట్టి ఆ పాత ఇమేజ్ ఇంకోసారి పొరపాటున లేవదు.

ఇంకా మిగిలింది బ్లూటూత్ మౌస్ ఒక్కటే. లేచాక అది కలవడానికి ఆరేడు సెకన్లు పడుతోంది, ఒకటి రెండుసార్లు మౌస్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చింది. దాని మాడ్యూల్‌ను కూడా అదే స్క్రిప్ట్‌లో చేర్చి ఈ వారం చూస్తాను.